ఇరుకు ఇల్లు - ఇంటిల్లిపాది ఆరోగ్యం

(ఆరోగ్య కేంద్రంలో తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఇల్లు ఇరుకైనా మనసు విశాలంగా ఉంటే చాలునని పెద్దలంటారు. మంచి మాటే. కాని ఊపిరితిత్తులకు మనసుతో పని లేదండీ, వాటికి గాలి కావాలి.

పోయిన ఏడు ఒక ఇంటికి వెళ్ళాను. ఒకటే గది. అందులోనే వంట, అందులోనే పడక. అత్తమామలు, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు - మొత్తం ఏడుగురు. చలిగాలి వస్తుందని ఉన్న ఒక్క కిటికీకీ గోనెపట్టా కొట్టారు. మామగారికి నెల రోజులుగా దగ్గు. ఆయన పక్కలోనే ఐదు నెలల మనవడు. "చుట్ట దగ్గులే అమ్మా, ఎప్పుడూ ఉండేదే" అంది అత్తగారు. కళ్ళె పరీక్ష చేయిస్తే క్షయ అని తేలింది.

క్షయ శాపం వల్ల వచ్చేది కాదు, వంశం వల్ల వచ్చేదీ కాదు. దానికి కారణమైన క్రిమిని 1882లోనే రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు కనుగొన్నాడు. రోగి దగ్గినప్పుడు ఆ క్రిములు గాలిలో కలుస్తాయి. మూసిన గదిలో ఆ గాలి బయటికి పోదు. పక్కనున్నవాళ్ళు రాత్రంతా దాన్నే పీలుస్తారు. గాలి ఆడితే క్రిములు పలచబడతాయి, ఎండ తగిలితే చస్తాయి. పసిపిల్లలకు సోకితే మెదడు పొరల దాకా పోయే ప్రమాదం ఉంది.

క్షయ ఒక్కటే కాదు. తట్టు, గజ్జి, జలుబు ఇరుకింట్లో ఒకరి నుంచి ఒకరికి తొందరగా పాకుతాయి. గదిలోనే కట్టెల పొయ్యి ఉంటే పొగ వల్ల పిల్లలకు న్యుమోనియా భయం ఎక్కువ. గొంతు నొప్పిని అశ్రద్ధ చేస్తే కొందరు పిల్లలకు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోతాయి. నిద్ర చాలదు, చదువు సాగదు. ఆలుమగలు నాలుగు మాటలు చెప్పుకోవడానికీ చోటుండదు. చిన్న మాటకే పెద్ద తగాదా అవుతుంది.

"పెద్ద ఇల్లు ఎక్కణ్ణించి తెస్తాం?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2011 జనాభా లెక్కల నాటికి మన దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒక్క గదిలోనే కాపురం చేస్తున్నాయి. ఇది మీ తప్పని నేననను. కాని ఇరుకిల్లు కాబట్టి జబ్బు తప్పదని మాత్రం అనుకోకండి.

1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరు క్షయ రోగులను శానిటోరియంలో ఉంచారు, కొందరిని వాళ్ళ ఇరుకిళ్ళలోనే ఉంచారు. అందరికీ ఒకే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంత బాగానే నయమైంది. వాళ్ళ కుటుంబాల్లో జబ్బు అదనంగా అంటుకోలేదు. అంటే, త్వరగా గుర్తించి మందు మానకుండా వాడటమే అసలు రక్షణ.

కనుక ఇవి గుర్తుంచుకోండి:

1. కిటికీ మూయకండి. పక్కబట్టలు ఎండలో వేయండి.

2. దగ్గేవారి పక్కన పసిబిడ్డను పడుకోబెట్టకండి.

3. దగ్గు రెండు వారాలు దాటితే పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం.

4. గజ్జి ఒకరికి వస్తే ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి.

5. పిల్లలకు బి.సి.జి., తట్టు టీకాలు తప్పక వేయించండి.

ఇంకొక్క మాట. గదిని పెంచడం మన చేతిలో లేకపోవచ్చు. కాన్పుకీ కాన్పుకీ ఎడం పెంచడం మన చేతిలో ఉంది. మూడేళ్ళ ఎడం ఉంటే తల్లి కోలుకుంటుంది, పెద్దబిడ్డకు పాలూ పక్కా దక్కుతాయి. నిరోధ్, కాపర్-టి, అంతర ఇంజక్షను, ఛాయ మాత్రలు - ఏది మీకు సరిపోతుందో ఇక్కడ అడగండి. ఎంతమంది, ఎప్పుడు అన్నది ఆలుమగలిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. బలవంతం ఎవరిదీ లేదు.

ఆ పెద్దాయన ఆరు నెలలూ మందు వాడాడు. పక్క అరుగు మీదికి మారింది. మనవడికి ముందుజాగ్రత్త మందు ఇచ్చాము, బాగున్నాడు. కిటికీకి ఇప్పుడు గోనెపట్టా లేదు.

మీరూ ఇంటికి వెళ్ళగానే ముందు ఆ కిటికీ తెరవండి. సెలవు.