కిరాణా కొట్టు సీసా, ఆస్పత్రి పాయిఖానా

(పారిశుధ్య కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం సీసాల గురించి, డబ్బాల గురించి మాట్లాడుకుందాం. సభ పెట్టి ఫినాయిలు సంగతి చెబుతారా అని నవ్వొద్దు. బడిలో ఆయా, హాస్టల్లో స్వీపరు, ఆస్పత్రిలో కాంట్రాక్టు కార్మికురాలు ఎక్కువమంది ఏ వాడల నుంచి పోతున్నారో అందరికీ తెలుసు. మాలవాడ, మాదిగవాడ, రెల్లి వీధి. చీపురు ఏ చేతికిచ్చిందో, యాసిడ్ సీసా కూడా ఆ చేతికే ఇచ్చింది ఈ సమాజం.

ఆ సీసా కిరాణా కొట్టుది. ఇంట్లో ఉన్న ఒక్క దొడ్డి కడుక్కోవడానికి చేసిన సరుకు. దాంతోనే మన అక్క పొద్దస్తమానం వరసగా పాయిఖానాలు కడుగుతుంది. తొడుగులు వేసుకోవాలి, గాలి ఆడాలి అని సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అదీ చాలావాటి మీద ఇంగ్లీషులో. చదవగలిగిన అధికారి చదవడు. చదవాలనుకున్న అక్కకు చదువు దక్కనివ్వలేదు. "ఇంట్లో వాడేదేగా, ఏమవుతుంది?" అంటారు. ఏమవుతుందో మేము చెబుతాం.

ఒకటి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మనీ సైన్యం శత్రువుల మీద వదిలింది ఈ గ్యాసునే. మరక పోలేదని రెండూ కలిపి పొయ్యొద్దు. గుడ్డ మాస్కు ఆ గ్యాసును ఆపదు.

రెండు. మూత్రం నిలిచిన చోట అమ్మోనియా ఉంటుంది. దాని మీద బ్లీచింగ్ చల్లితే ఇంకో విషగాలి లేస్తుంది. కళ్ళు మంట, దగ్గు, ఆయాసం. ముందు నీళ్ళు బాగా కొట్టి, తరవాతే చల్లాలి.

మూడు. ఆస్పత్రిలో రక్తం పడ్డ చోటికి లీటరు నీళ్ళకు 15 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు సరిపోతుంది. ప్లాస్టిక్ బకెట్లో, ఏ రోజుకారోజు కలపాలి. గుప్పిళ్ళతో పోస్తే శుభ్రం పెరగదు, చేతులు కాలతాయి.

నాలుగు. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా నీళ్ళతో కడగాలి. ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు. సీసాతో సహా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మంచినీళ్ళ సీసాలో యాసిడ్ ఎప్పుడూ పొయ్యొద్దు, పిల్లలు తాగేస్తారు.

చింతపండు రాగి చెంబును తోముతుంది, తినే సోడా జిడ్డు వదిలిస్తుంది. ఇది మన అమ్మల తెలివి. వంటగదికి చాలు. ఆస్పత్రి రక్తానికి చాలదు, క్రిములు చావవు. ఖర్చు తగ్గించుకోవడానికి ఎవరైనా వీటితోనే సరిపెట్టుకోమంటే ఒప్పుకోవద్దు.

మలం చేత్తో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగు కాలవలో చచ్చినవాడి కుటుంబానికి 10 లక్షలు ఇమ్మని 2014లో, 30 లక్షలు ఇమ్మని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చచ్చాక లెక్క కట్టారు సరే. మనం బతికుండగా అడుగుతున్నాం: రబ్బరు తొడుగులు, బూట్లు, కళ్ళద్దాలు, పొడుగు కర్ర బ్రష్షు, చేతులు కడుక్కోను సబ్బు. ఇది దయ కాదు, హక్కు.

కార్యకర్తలకు ఒక పని. వచ్చే పదిహేను రోజుల్లో మీ ఊరి బడికి, హాస్టలుకు, ఆస్పత్రికి పోండి. ఏ డబ్బాలో ఏముందో అడిగి, తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించండి. చదవడం రానివాళ్ళకు ఎర్రరంగు గుర్తు పెట్టండి. అందరి సంతకాలు, వేలిముద్రలతో అర్జీ ఇవ్వండి. ఆఫీసు ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోండి. బడిలో పాయిఖానా మన పిల్లల చేత కడిగిస్తున్నారేమో అదీ కనుక్కోండి.

తొడుగులు వేసుకుని తరతరాలూ ఇదే పని చెయ్యడం మన గమ్యం కాదు. ఆ చీపురు మన పిల్లల చేతికి రాకుండా చూడటమే గమ్యం. అందాకా మన అక్కల ఊపిరి, కళ్ళు, చేతులు కాపాడుకోవాలి.

జై భీమ్!