మరమనిషి చేతికి తగిన మోటారు

2008వ సంవత్సరమున విమానాశ్రయము వెలసిన శంషాబాదు ప్రాంతమున మీ మనుమఁడు పోటీకై మరమనిషిని నిర్మించుచు, దాని చేతికి మోటారు కొనుటకు సొమ్మడిగినచో, "వేగముగా తిరుగునది కొనుము" అని చెప్పకుడు.

ఏతమును తలఁచుకొనుడు. బాన బరువొక్కటే కాదు, అది ఇరుసునకెంత దూరమున వ్రేలాడునో అదియు లెక్కకు వచ్చును. అర మీటరు చేతికొనను 2 కిలోల బరువెత్తుటయు, 1 మీటరు చేతికొనను 1 కిలో ఎత్తుటయు సమానమే. చేతి సొంత బరువును దీనికి కలుపవలెను.

వచ్చిన లెక్కకు రెట్టింపు బలముగల మోటారు మేలు. ఏలన, భారమునకు లొంగి నిలిచిపోయిన మోటారు అధిక విద్యుత్తును లాగి, వేడెక్కి కాలిపోవును; మీ సొమ్మును బూడిదయగును. చిన్న మోటారునకైనను పండ్లచక్రములను జోడించినచో వేగము తగ్గి బలము పెరుగును.

కావున ముందు బరువును, దూరమును కొలిచి, పిమ్మట అంగడికి పొమ్మని చెప్పుడు.