పాత కంప్యూటర్‌కు డబ్బు పెట్టాలా, వద్దా?
(వార్షిక సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. సంఘం గదిలోని కంప్యూటర్లను మేము ముగ్గురం చూసుకుంటున్న సంగతి మీకు తెలుసు. మీ ఇళ్ళ నుండి వచ్చేవి కూడా ఆదివారాల్లో విప్పి చూస్తూ ఉంటాము. కావున పెద్ద మాటలు చెప్పక, మా చేతుల మీదుగా పోయిన సంగతులే మనవి చేస్తాము.

మా దగ్గరకు వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "భాయ్, కంప్యూటర్ ఆన్ చేసి టీ తాగొచ్చినా తెరుచుకోవట్లేదు. ఇది పడేసి కొత్తది కొనమంటారా?" అడిగేవారి జేబులో అప్పటికే షాపువారు రాసిచ్చిన కొటేషన్ ఉంటుంది. కొందరి దగ్గర వాయిదాల కాగితం కూడా ఉంటుంది. పిల్ల బి.టెక్. లో చేరింది, లేకపోతే పిల్లవాడు డిగ్రీలో కంప్యూటర్లు తీసుకున్నాడు. నెలకు ఇంత చొప్పున ఏడాదిన్నర కట్టడానికి తండ్రి సిద్ధపడి ఉంటాడు. కుట్టుమిషను మీదనో, చిన్న దుకాణం మీదనో నడిచే ఇంట్లో ఏడాదిన్నర వాయిదా అంటే మాటలు కాదు. మరుసటి ఏడు కట్టవలసిన ఫీజు దాని కింద పోవచ్చును. అందుచేత ఈ ప్రశ్నకు జవాబు షాపు కౌంటరు దగ్గర కాక ఇంట్లోనే తేల్చుకోవాలని మా అభిప్రాయం. తేల్చుకోవడం అంత కష్టం కూడా కాదు.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మనమందరం ఆ నిలువు డబ్బాను సీపీయూ అంటాం. అసలు సీపీయూ అనగా ఆ డబ్బాలో మదర్‌బోర్డు మీద, ఫ్యాను కింద కూర్చున్న చిప్పు. దాన్నే ప్రాసెసర్ అంటారు. "సీపీయూ మార్చాలండి" అని మెకానిక్ అన్నప్పుడు, డబ్బా అంతా అంటున్నాడో చిప్పు ఒక్కటే అంటున్నాడో అడగండి. ఆ తేడా వేల రూపాయల తేడా.

ఇక లోపలి పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. మనలో దర్జీలు చాలామంది ఉన్నారు కనుక దర్జీ కొట్టునే తీసుకుందాం. ప్రాసెసర్ దర్జీ. ర్యామ్ ఆయన ముందున్న కటింగ్ బల్ల. హార్డ్ డిస్కు వెనక గదిలో గుడ్డల బీరువా. దర్జీ ఎంత చురుకైనవాడైనా, వెనక గదిలోంచి గుడ్డ తెచ్చే కుర్రాడు కాళ్ళీడుస్తుంటే కత్తెర పట్టుకుని కూర్చోవలసిందే. అట్లాంటప్పుడు ఇంకా చురుకైన దర్జీని పెడితే ఏం లాభం? ఆయన ఇంకా చురుకుగా ఖాళీగా కూర్చుంటాడు, అంతే.

పాత కంప్యూటర్లలో ఆ కాళ్ళీడ్చే కుర్రాడు చాలా మటుకు హార్డ్ డిస్కే. దాని లోపల పళ్ళేలు నిమిషానికి 5400 గాని 7200 గాని చుట్లు తిరుగుతుంటాయి. ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి కావలసిన చోటు వెతుక్కోవాలి. ఒక్కో వెతుకులాటకు ఇంచుమించు పది మిల్లీసెకన్లు. వినడానికి తక్కువే. కానీ చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు ఏరాలంటే ఆ లెక్కన సెకనుకు నూరు ముక్కలు దాటవు. విండోస్ లేచి కూర్చోవాలంటే వేల కొద్దీ చిన్న ముక్కలు చదవాలి. మీరు టీ తాగి వచ్చే కాలం అక్కడ పోతున్నది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేదు, కదిలే చెయ్యి లేదు. అందువల్ల ఆ వెతుకులాటే దాదాపు లేకుండా పోతుంది.

అయితే మేము చెప్పామని అందరూ ఎస్‌ఎస్‌డీ కొనేయకండి. మీ మిషన్లో పని ఎక్కడ ఆగుతున్నదో ముందు కళ్ళారా చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఎంతెంత వాడుకలో ఉన్నాయో కనబడుతుంది. ఊరికే ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. మీరు రోజూ చేసే పని చేస్తూ, విసుగు పుట్టే సమయంలో చూడాలి. ప్రాసెసర్ పది, ఇరవై శాతంలో ఉండి డిస్కు నూరు దగ్గర నిలబడితే దోషం డిస్కుది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. బల్ల చాలనప్పుడు దర్జీ సగం కోసిన గుడ్డలను తీసుకుపోయి బీరువాలో పెడుతుంటాడు కదా, అట్లాగే ర్యామ్ చాలకపోతే విండోస్ కూడా సామాను డిస్కు మీదకు తోస్తుంది. అప్పుడు డిస్కు కూడా నూరు చూపిస్తుంది. కనుక మెమరీ అంకె ముందు చూడండి. అది ఎనభై అయిదు, తొంభై దాటి ఉంటే మొదటి ముద్దాయి ర్యామ్.

ప్రాసెసరే నూరు చూపిస్తే? తొందరపడకండి. డబ్బా మూత తీసి చూడండి. మన ఊళ్ళలో పత్తి, మిర్చి, సిమెంటు, ఏదో ఒక దుమ్ము తప్పదు. ఫ్యాను కింద రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పరుచుకుంటుంది. చిప్పుకు రాసిన థర్మల్ పేస్టు ఏళ్ళ మీద ఎండిపోతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మెత్తని బ్రష్షు, ఒక బ్లోయరు, చిన్న గొట్టం పేస్టు చాలు. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. ఈ పనికి అయ్యేది అందులోకెల్లా తక్కువ ఖర్చు, అందరూ చివరకు చేసేదీ అదే.

ఒక ఉదాహరణ చెబుతాము. మన సభ్యురాలైన ఒక ఆపా కుట్టుపని చేస్తారు. వారి అమ్మాయి ఇంజనీరింగు చదువుతున్నది. ఇంట్లో నాలుగో తరం ఐ3 కంప్యూటర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. తెరుచుకోవడానికి అయిదు నిమిషాలు. కొత్త ల్యాప్‌టాప్‌కు వాయిదాల మాట అయిపోయి, సంతకం ఒక్కటే మిగిలింది. మేము 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనిపించాము. మా గదిలో చచ్చిపడి ఉన్న మరో మిషన్లోంచి 4 జీబీ ర్యామ్ కర్ర తీసి రెండో స్లాటులో పెట్టాము. ఇప్పుడది అర నిమిషంలో తెరుచుకుంటున్నది. ఆ వాయిదా కాగితం ఆపా మా ముందే చింపేశారు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2025 అక్టోబరు 14 తో విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ వారి ఉచిత మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడుకదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. "ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోతుందట కదా" అని చాలామంది కంగారుపడి వచ్చారు. ఆగిపోదు. దొంగలు దూరే సందులు బయటపడినప్పుడు పూడ్చేవారు ఉండరు, అదీ సంగతి. బ్యాంకు పని చేసే మిషన్లో ఆ సందులు వదిలెయ్యడం మంచిది కాదు.

విండోస్ 11 కు కొన్ని షరతులున్నాయి. ఇంటెల్ అయితే, ఏవో కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం ప్రాసెసర్ నుండి ఒప్పుకుంటారు. తరం తెలుసుకోవడం తేలిక. ఐ5-7400 అని ఉంటే ఏడో తరం, ఐ5-8400 అయితే ఎనిమిది, ఐ5-10400 అయితే పది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. "దీంట్లో టీపీఎం లేదు, బోర్డే మార్చాలి" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకండి. చాలా బోర్డుల్లో అది ఉండి, బయాస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఎ.ఎం.డి. బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పేరు. ఆన్ చేస్తే సరి. ఒక్క పైసా ఖర్చు లేదు.

ఆపా వారి మిషన్ నాలుగో తరం కనుక దానికి ఆ దారి లేదు. అందులో లినక్స్ మింట్ వేశాము. అది ఉచితం. సి, పైథాన్ ప్రాక్టికల్సు, ఇంటర్నెట్టు, ఉత్తరాలు రాసుకోవడం, అన్నీ నడుస్తున్నాయి. అమ్మాయి మొదట ముఖం ముడుచుకున్న మాట నిజం. రెండు వారాల్లో అలవాటు పడింది.

ఇప్పుడు దీనికి తలకిందులైన కేసు. మన కుర్రాడొకడు పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. పాత మిషన్‌కే ఎస్‌ఎస్‌డీ వేశాడు, ర్యామ్ పెంచాడు. ఇప్పుడు 4కే వీడియో కోసం గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాడు. చూస్తే దాని ఎస్‌ఎంపీఎస్ పేరూ ఊరూ లేనిది. కార్డుకు కావలసిన కరెంటు కనెక్టరే దానికి లేదు. కార్డు కొంటే ఎస్‌ఎంపీఎస్ కొనాలి. కార్డు పొడుగు, డబ్బాలో పట్టదు, క్యాబినెట్టూ కొనాలి. ఇంత పెట్టినా ప్రాసెసర్ పాతదే. "ఇంక ఆపు బాబూ, కొత్తది కొను" అన్నాము. అతనికి కంప్యూటర్ అన్నం పెట్టే పనిముట్టు. ఒక్కో పెళ్ళికి రెండు రోజులు ఆలస్యమైతే ఆ నష్టం వాయిదా కన్నా పెద్దది.

మా లెక్క ఒకటి చెబుతాము, ఇది శాస్త్రం కాదు, అనుభవం. కావలసిన విడిభాగాలన్నీ ఒకేసారి కాగితం మీద రాసి కూడండి. కొత్తదాని ధరలో మూడో వంతు లోపల ఉంటే పెట్టండి. సగం దాటితే వద్దు. విడివిడిగా కొంటే ఆ సగం ఎప్పుడు దాటామో తెలియదు. ముఖ్యంగా ప్రాసెసర్ మార్పు దగ్గర జాగ్రత్త. కొత్త ప్రాసెసర్‌కు సాకెట్టు కలవకపోతే బోర్డు మార్చాలి, బోర్డు మారితే ర్యామ్ రకం మారవచ్చు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 కర్రలకు గాడి ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది, ఒకదానిలో ఇంకొకటి దిగదు. ఎ.ఎం.డి. వారి ఏఎం4 బోర్డు ఉన్నవారు మాత్రం అదృష్టవంతులు. బయాస్ అప్‌డేట్ చేసుకుంటే అదే బోర్డులో తరువాతి తరాల రైజెన్ చాలా మటుకు కూర్చుంటుంది.

2025 చివరి నెలల నుండి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకే ఫ్యాక్టరీల సరుకు ఎక్కువగా పోతుండటమే కారణం. కనుక పాత ర్యామ్ కర్రలు పిల్లలకు ఆటవస్తువులుగా ఇవ్వకండి, మా గదికి పంపండి. కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయేవారు పాత కర్రను చేతిలో పట్టుకుపొండి. ల్యాప్‌టాప్ ఉన్నవారు ముందే వెనక మూత విప్పించి చూడండి. పలచని మోడళ్ళు కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు.

డీటీపీ చేసే సోదరులకు ఒక మాట. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది. దాని మీద పాత తెలుగు ఫాంట్లతోనో, పాత ఇన్‌పేజ్‌లో ఉర్దూ పనో నడుస్తున్న మిషన్ ఉంటే దాని విండోస్ జోలికి పోకండి. డిస్కును ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయించి, ఇంటర్నెట్టు తీసేసి, పని కానివ్వండి. ఇంటర్నెట్టుకు వేరే మిషన్ చూసుకోండి.

చివరి సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఒక కుటుంబం వారు బయట ఒక రిపేరు షాపులో ఎస్‌ఎస్‌డీ వేయించారు. మిషన్ బాగా నడిచింది. పాత డిస్కు మాత్రం తిరిగి రాలేదు. అడిగితే "స్క్రాప్‌లో పోయింది" అన్నారు. అందులో పదేళ్ళ పెళ్ళిళ్ళ ఫోటోలు, ఇంటి ఆడవాళ్ళ ఫోటోలు, అందరి ఆధార్ కాపీలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు. ఫార్మాట్ చేశాం అన్నా అవి పోయినట్టు కాదు, తిరిగి లాగే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పాత డిస్కు మీ సొమ్ము. మిషన్ ఇచ్చే ముందే అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తీసుకునేటప్పుడు పాత డిస్కు చేతిలో పడ్డాకే డబ్బివ్వండి. పూర్తిగా చెడిపోయిన దానికి లోపలి పళ్ళేలు పాడుచేసి, ఆ తరువాతే ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి.

మేము ఆదివారం జొహర్ తరువాత గదిలో ఉంటాము. చూసినందుకు డబ్బు లేదు, సామాను ఖర్చు మీది. ఇంటి దగ్గరే టాస్క్ మేనేజర్ తెర ఫోనుతో ఫోటో తీసుకుని వస్తే సగం పని అయిపోయినట్టే. పాస్‌వర్డు తెలిసిన మనిషిని వెంట తీసుకురండి. ల్యాప్‌టాప్ తెచ్చేవారు దయచేసి ఛార్జరు మరువవద్దు. పోయిన ఆదివారం అయిదు వచ్చాయి, మూడింటికి లేదు.