కడెం వాగు వెంట ఒక సెలవు రోజు

ఆదిలాబాద్ అడవుల్లో కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకే చోటే కుంటాల జలపాతం. నేరడిగొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి వదిలి పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. ఆపైన నడకే. టేకుచెట్ల మధ్య వందల మెట్లు దిగుతుంటే నీళ్లకంటే ముందు వాటి హోరు వినిపిస్తుంది. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే ఊపిరి అందదు. పెద్దవాళ్లతో వెళ్తే తగినంత సమయం చేతిలో ఉంచుకోండి.

వానలు వెనకబట్టాక, సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు దాకా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఎండాకాలంలో ధార సన్నబడిపోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. దయచేసి జలపాతం కింది గుండాల్లోకి దిగకండి. పైకి నిశ్చలంగా కనిపించే నీటి అడుగున లోతైన గోతులు, సుడులు ఉంటాయి. ఇక్కడ ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనం నిలబడ్డ చోట చినుకు లేకపోయినా, ఎగువ కొండల్లో కురిసిన వాన వాగును పొంగించగలదు. 2022 జులైలో ఈ నది వరద దిగువనున్న కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా పొర్లింది. నీటి రంగు ఎర్రబడినా, హోరు పెరిగినా వెంటనే ఒడ్డెక్కండి.

పొద్దుండగానే మెట్లెక్కేస్తే బోథ్ వైపున్న పొచ్చెర జలపాతం కూడా చూసి రావచ్చు. ఎత్తు తక్కువైనా అక్కడి ధార వెడల్పు, వేగం చూడదగ్గవి.