ఒక నిజమునకు ఒకే చోటు



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచినది రిలేషనల్ డేటాబేసు అను విద్యను గూర్చి. పేరు వినగానే ఇది పట్టణములందలి యువకుల వ్యవహారమనియు, మనకిందు పనిలేదనియు మీకు తోచవచ్చును. అరువదినాలుగవ యేట దీనిని నేర్వబూనినప్పుడు నాకును అట్లే తోచినది. చిన్ననాట అమరము వల్లెవేసి, పిమ్మట కౌముది చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. యంత్రములతో నా పరిచయము అంతంతమాత్రము. అయినను ఈ విద్యలోని మొదటి పాఠమే నా పాత తప్పొకదానిని తెచ్చి నా యెదుట నిలిపినది. ముందుగా దానిని మనవి చేసెదను.

1996వ సంవత్సరమున నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. దస్తూరి గుండ్రముగా నుండునని ప్రధానోపాధ్యాయులు రిజిస్టర్లు వ్రాయు పని నాకప్పగించిరి. ఆ యేడు ఆరవ తరగతిలో చేరిన ఒక బాలికకు పుట్టిన తేదీని తెలుపు కాగితమేదియు లేకపోయెను. అట్టి సందర్భములందు అయ్యవార్లు చేయునదేమో మీరెరుగుదురు. వయసు అందాజుగా లెక్కించి, 1985 జూలై 1 అని వేసితిని. ఆమె పదవ తరగతికి వచ్చినప్పుడు తండ్రి పంచాయతీనుండి జనన ధ్రువపత్రము తెచ్చెను. అందు ఆగస్టు 14 అని యుండెను. పై యధికారి యనుమతి గైకొని, పరీక్షకు పంపు జాబితాలో ఆ తేదీనే వ్రాసితిని. అడ్మిషన్ రిజిస్టరులో మాత్రము దిద్దుట మరచితిని.

2009లో ఆ బాలిక ఒక ఉద్యోగమునకు ఎన్నికై, పత్రముల పరిశీలనకు పోయినది. పదవ తరగతి పత్రమున నొక తేదీ. రిజిస్టరు చూచి ఎత్తి వ్రాసిన బడి పత్రమున వేరొక తేదీ. దిద్దించుకొని రమ్మనిరి. దిద్దిన కాగితము చేతికి వచ్చునప్పటికి గడువు దాటెను. ఆ కొలువు జాబితాలో తరువాతివారికి పోయెను. ఆమె కాగితములు రెండును పట్టుకొని మా యింటికి వచ్చి, "మాస్టారూ, ఇందులో ఏది నిజమండీ?" అని మాత్రమడిగెను. రెండింటికిని మూలమైన వ్రాత నాదే. నేను అబద్ధము వ్రాయవలెనని వ్రాయలేదు. ఒకే సంగతిని రెండు చోట్ల వ్రాసి, ఒక చోట దిద్దితిని. అంతమాత్రముననే నిజము రెండుగా చీలినది. ఈ దోషమునకు శాస్త్రమున నొక పేరున్నదని అప్పటికి నాకు తెలియదు.

2019లో పదవీ విరమణ చేసిన పిమ్మట మా యూరి గ్రంథాలయపు లెక్కలు నా చేతికి వచ్చెను. పుస్తకములు రెండు వేల నూరు. పాఠకులు మూడువందల నలువదిమంది. ఇంజనీరింగు చదువుచున్న మా అన్నగారి మనుమరాలు సెలవులకు వచ్చి, లెక్కలన్నియు కంప్యూటరులో వ్రాయుడని నన్ను ప్రోత్సహించెను. నేనొక పెద్ద పట్టిక గీచితిని. పుస్తకము పేరు, గ్రంథకర్త, తీసికొన్నవాని పేరు, వాని వీధి, ఫోను సంఖ్య, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ అన్నియు ఒకే వరుసలో వచ్చునట్లు అమర్చి, నా నేర్పునకు నేనే మెచ్చుకొంటిని.

కొన్నాళ్లకు ఒక పాఠకుడు రామాలయము వీధినుండి కాలువగట్టునకు ఇల్లు మారెను. ఆయన తొమ్మిది పుస్తకములు తీసికొనియున్నాడు. నేను మూడు వరుసలు దిద్ది ఊరకుంటిని. పిల్ల చూచి, "చిన్నతాతగారూ, ఈయనకు ఇండ్లు రెండున్నవా?" అనెను. నాకు చప్పున ఆ బాలిక జ్ఞప్తికి వచ్చినది. రెండు తేదీలును, రెండు ఇండ్లును ఒకే తప్పు.

నా పట్టికలో దోషములు ఇంకను రెండుండెను. ఎవరును తీసికొనని పుస్తకమును వ్రాయుటకు అందు చోటులేదు. ఒక్కసారియే పుస్తకము తీసికొన్న వృద్ధుని వరుసను పాతబడినదని తుడిచివేయగా, ఆయన పేరే మా గ్రంథాలయమునుండి తుడిచిపెట్టుకొని పోయినది. దిద్దుటలో, చేర్చుటలో, తుడుచుటలో కలుగు ఈ చిక్కులు మూడింటికిని కారణ మొక్కటే. వేర్వేరు వస్తువులను గూర్చిన మాటలను ఒక్క వరుసలో కుక్కుట.

అంతట మనుమరాలు నాచేత మూడు పట్టికలు గీయించెను. పుస్తకములకొకటి, పాఠకులకొకటి, ఎరవులకొకటి. పాఠకుని వీధి పాఠకుల పట్టికలో మాత్రమే యుండును. ఎరవుల పట్టికలో ఆయన పేరుగాని వీధిగాని యుండదు. ఆయన గుర్తు సంఖ్య మాత్రముండును. పేరే గుర్తు కారాదా యని నేనడిగితిని. మా యూర వేంకట సుబ్బారావులు ముగ్గురున్న సంగతి ఆమెయే జ్ఞాపకము చేసెను. పొలమునకు సర్వే నంబరెట్టిదో, వరుసకు ఈ సంఖ్య యట్టిది. దీనిని ప్రైమరీ కీ యందురు. ఆ సంఖ్యను వేరొక పట్టికలో నిలిపినచో అచ్చట దానికి ఫారిన్ కీ అని పేరు. పాఠకుల పట్టికలో లేనివానికి పుస్తకమిచ్చినట్లు వ్రాయబోయిన యంత్రము అంగీకరింపదు. మేము వాడుకొన్నది ఎస్.క్యూ.లైట్ అను ఉచిత సాధనము. 2000వ సంవత్సరమున రిచర్డ్ హిప్ అను అమెరికా దేశస్థుడు దీనిని వెలువరించెను. దీనియందు ఈ కాపలాను మనము కోరి పెట్టించుకొనవలెను. లేనిచో ద్వారము తెరచియే యుండును.

గ్రంథకర్తల విషయమున మరియొక చిక్కు వచ్చినది. ఆంధ్ర మహాభారతమునకు ఎదురుగా ఒకే గడిలో నన్నయ, తిక్కన, ఎఱ్ఱన అని వ్రాసితిని. తిక్కన పుస్తకములు చూపుమనగా యంత్రము నిర్వచనోత్తర రామాయణమును చూపి ఊరకుండెను. దాని దృష్టిలో ఆ గడిలోనున్నది మూడు పేర్లు కలిసిన ఒక వింత మనుష్యుడు! ఒక గ్రంథమునకు పలువురు కర్తలుండవచ్చును. ఒక కర్తకు పలు గ్రంథములుండవచ్చును. ఇట్టిచోట కర్తలకొక పట్టిక పెట్టి, ఏ గ్రంథమునకు ఏ కర్తయో జత కలుపు పట్టికను నడుమ వేరుగా నుంచవలెను. ఒక గడిలో ఒకే విలువ యుండవలెననునది ఈ శాస్త్రమున తొలి నియమము. గడిలోని మాట ఆ వరుస గుర్తునకు సంబంధించినదే కావలెను, మరియొకదానికి సంబంధించినది కారాదు అనునది తరువాతి నియమముల సారము.

ఈ పద్ధతి నాకు బొత్తిగా క్రొత్త కాలేదు. పాణిని సర్వనామములను ప్రతి సూత్రమునందును ఏకరువు పెట్టడు. సర్వాదులని సూచించి విడుచును. ఆ శబ్దముల పట్టిక గణపాఠమున వేరుగా నుండును. ధాతువుల పట్టిక ధాతుపాఠమున నుండును. ఇంతమాత్రమున పాణిని డేటాబేసును కనిపెట్టెనని నేననను. అట్లనుట ఆ మహనీయునకు గౌరవము కాదు. ఒకసారి చెప్పినదానిని మరల చెప్పక సూచించుటలోని లాఘవము రెండు చోట్లను ఒక్కటే యని మాత్రమందును.

ఇక ఈ పద్ధతిని కనిపెట్టినవారెవరు? ఎడ్గర్ కాడ్ అను ఆంగ్లేయుడు. 1923లో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో గణితము చదివెను. రెండవ ప్రపంచ యుద్ధమున విమానదళమున పనిచేసి, పిమ్మట అమెరికాకు పోయి ఐ.బి.యం. కంపెనీలో చేరెను. 1970 జూన్ నెలలో ఆయన ప్రకటించిన వ్యాసమే ఈ విద్యకు మూలము. రిలేషన్ అనగా పట్టికల నడుమ సంబంధమని పలువురు తలంతురు. నేనును అట్లే తలచితిని. గణితశాస్త్రమున పట్టికయే రిలేషన్. పేరు అందుండి వచ్చినది.

ఆయన తీర్చిన చిక్కు మన కరణముల లెక్కలు చూచినవారికి సులభముగా బోధపడును. 1984లో కరణీకములు రద్దగుటకు పూర్వము మా యింటి ప్రక్కనే కరణముగారుండిరి. అడంగలు సర్వే నంబర్ల వరుసను నడచును. ఫలానా పొలము ఎవరిదన్న క్షణములో చెప్పవచ్చును. ఫలానా రైతునకు ఊరంతట ఎన్ని పొలములన్నచో, పుటలన్నియు త్రిప్పవలెను; లేదా పట్టాల వారీగా మరియొక లెక్క ఉంచుకొనవలెను. లెక్కలు రెండైనచో ఒకటి దిద్దబడి రెండవది మిగులు భయము ఉండనే యున్నది. కాడ్ నాటి కంప్యూటరు భండారములును ఇట్లే యొక దారినే నడచుచుండెను. ఐ.బి.యం. వారు చంద్రలోక యాత్రకై అపోలో నౌకల భాగముల జాబితా నుంచుటకు కట్టిన భండారము చెట్టువంటిది. బోదెనుండి కొమ్మకు, కొమ్మనుండి రెమ్మకు దిగుట తేలిక. దారి మార్చి అడుగుట కష్టము. వివరములు ఏ క్రమమున దాచబడినను అడుగువాడు ఆ క్రమమును ఎరుగనక్కరలేదని కాడ్ వాదించెను. ఆయన కంపెనీయే దానిని అంగీకరించుటకు జాగుచేసెను. కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదైన ట్యూరింగు బహుమానము 1981లో ఆయనకు వచ్చెను. 2003లో దివంగతుడయ్యెను.

అడుగుటకొక భాష కావలెను గదా. ఆ కంపెనీలోనివారే డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను నిరువురు 1974లో దానిని ప్రకటించిరి. బాయిస్ ఆ యేడే అకాలమృత్యువు పాలయ్యెను. ఆ భాష నేడు ఎస్.క్యూ.ఎల్. అని పిలువబడుచున్నది. సెలెక్ట్ అనగా ఏరుము. ఫ్రమ్ అనగా ఫలానా పట్టికనుండి. వేర్ అనగా ఫలానా షరతు కుదిరినవి. ఏమి కావలెనో చెప్పుటయే మన పని. ఎట్లు వెదకుటయో యంత్రము చూచుకొనును. మొదట నాకీ వాక్యము కొరుకబడలేదు. ఏరుమన్న మాట ముందున్నది గాని, అర్థము చేసికొనునప్పుడు ముందు పట్టికను, పిమ్మట షరతును, కడపట ఏరుటను తలపవలెను. పద్యమును చదువు వరుస వేరు, అన్వయము వరుస వేరు కాదా? అట్లనుకొనిన పిమ్మట దారి సుగమమైనది.

తప్పులును చేసితిని. పాఠకుల పట్టికను పుస్తకముల పట్టికతో జోడింపుమంటిని. ఏ గుర్తును బట్టి జోడింపవలెనో చెప్పనైతిని. ప్రతి పాఠకునకును ప్రతి పుస్తకమును జతకట్టి యంత్రము 7,14,000 వరుసలు కుమ్మరించెను. మరియొకనాడు తిరిగి రాని పుస్తకములను తెలిసికొనగోరి, తేదీ ఖాళీకి సమానమైనవి చూపుమంటిని. ఒక్కటియు రాలేదు. ఖాళీని నల్ అందురు. తెలియనిది తెలియనిదానితో సమానమా యన్న, అదియును తెలియదనుటయే ఈ భాషలోని న్యాయము. కాబట్టి ఖాళీగానున్నదా యని దానికి వేరుమాటతో నడుగవలెను. తార్కికులు అభావమును నాలుగు విధములుగా చెప్పిరి. ఇచ్చట ఒక్కటియే కలదు. విలువ యుండి తెలియకుండుట వేరు, విలువ యుండుటకే వీలులేకుండుట వేరు అని కాడ్ 1990లో రెండు గుర్తులు సూచించెను గాని, ఆ భేదము వాడుకలోనికి రాలేదు.

నేర్వగోరువారికి నా యనుభవము చెప్పెదను. ముందు కాగితముపై ఐదారు వరుసల పట్టికలు గీయుడు. ప్రశ్నకు జవాబు చేతితోనే కట్టుడు. పిమ్మట యంత్రమునడుగుడు. రెండును కలిసినచో మీకు తెలిసినట్లు. కంప్యూటరు లేకున్నను మొదటి సగము నేర్వవచ్చును.

పాలసంఘము, పొదుపు సంఘము, దేవాలయము, ఏ లెక్కయైనను సరే. వ్రాయుటకు పూర్వము మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇందున్న వస్తువులేవి? ఒక్కొక్కదానికి మారని గుర్తేది? ఈ సంగతికి సొంత యిల్లేది? సంగతి తన యింట నుండవలెను; తక్కినచోట్ల దాని చిరునామా మాత్రముండవలెను.

ఒక హెచ్చరికయు చేయవలెను. ఒకే చోట వ్రాసిన సంగతి అచ్చట తప్పైనచో అంతటను తప్పే యగును. కావున ఆ చోట వ్రాయువాడు విచారించి వ్రాయవలెను. ఎవరు, ఎప్పుడు దిద్దిరో వేరుగా గుర్తుంచవలెను. భండారమునకు ప్రతియొకటి తీసి మరియొక చోట దాచవలెను. నా జూలై 1వ తేదీని ఏ శాస్త్రమును నిజము చేయలేదు. నేనాడు తెలియదని వ్రాసి, గడిని ఖాళీగా విడిచియున్న బాగుండెడిది.

ఆమె పోగొట్టుకొన్న కొలువును నేను తెచ్చి యీయలేను. మా గ్రంథాలయమున ఇప్పుడొక పాఠకునకు ఒకే వీధి యున్నది. మీ యిండ్లలో, మీ సంఘములలో లెక్కలు వ్రాయు పిల్లల ప్రక్కన ఒక సాయంకాలము కూర్చుండి, ఈ వివరము ఇంకెక్కడనైన వ్రాసితిరా యని యడుగుడు. అంతమాత్రమే నా మనవి.