బడి గది కూడా పాఠం చెప్పాలి



మన ఉర్దూ బడికి ఒక గది కట్టించాలని సంఘం తలపెట్టింది. చందాలు పోగవుతున్నాయి. పునాది తీయకముందే మేము ఒక్క మాట మనవి చేసుకోదలచాము.

2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో గ్రీన్ బిజినెస్ సెంటర్ అనే భవనాన్ని ప్రారంభించారు. కప్పు మీద పచ్చిక, ఎండతో కరెంటు, వాడిన నీరే శుద్ధి అయి మళ్లీ మొక్కలకు. అంత డబ్బు మనకెక్కడిది అంటారు. నిజమే. కాని మన తాతల మట్టి మిద్దెలు ఏం తక్కువ? మందపాటి గోడలు, పైన గవాక్షం, నడి వేసవిలోనూ లోపల చల్లన. ఏప్రిల్‌లో రేకుల కింద పాఠం చెప్పినవాళ్లం, ఆ తేడా మాకు బాగా తెలుసు. పిల్లలకు చెమటలు కారుతుంటే సబకు ఎక్కడ తలకెక్కుతుంది!

ఇక పాఠం సంగతి. ఇరవై అడుగుల చదరపు మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 370 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలతో ఇరవై నాలుగు దాటుతుంది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు కురిసే జిల్లా మనది. మొత్తం ఎన్ని బిందెలో పిల్లలే కట్టుకుంటారు. ఉజూ నీళ్లు వృథా చేయవద్దని ఇంట్లో చెబుతాం గదా, ఆ నీళ్లు ఏ మొక్కకు పోతున్నాయో బడిలో చూపిద్దాం.

ముంగిట ఒక కర్ర నిలబెట్టి చుట్టూ వలయం గీయాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి నీడ కొస వలయాన్ని తాకుతుంది. ఆ రెండు గుర్తులు కలిపితే తూర్పు పడమర. ఖిబ్లా ఆ పడమటికి కాస్త ఉత్తరంగా ఎందుకున్నదో అప్పుడు గ్లోబు తెచ్చి చెప్పవచ్చు. నీడను కొలిచి జొహర్, అసర్ వేళలు తెలుసుకున్నవారు మన పెద్దలు. ఆగస్టు రెండో వారంలో, మబ్బు లేకుంటే, మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో ఆ కర్రకు మన ఊళ్లో నీడే ఉండదు. ఆ వింత చూసిన పిల్లవాడు జన్మలో మరచిపోడు.

అందుచేత రేకులు వద్దు. సున్నం కొట్టిన మిద్దె, ఎదురెదురుగా కిటికీలు, వాన నీటికి ఒక తొట్టి చాలు. వేపచెట్టు అడ్డమొస్తున్నదని విన్నాము. చెట్టు కొట్టే బదులు ప్లాను నాలుగడుగులు జరపమని మేస్త్రీ గారిని రేపే అడుగుదాం.