రోడ్డు దాటడానికి పది సెకన్లు



సామర్లకోటలో మా ఇంటి నుంచి భీమేశ్వరుడి గుడికి మా అత్తగారు ప్రతి సోమవారం నడిచి వెళ్ళేవారు. చాళుక్య భీముడు కట్టించిన ఆ గుడిలో పై అంతస్తుకు మెట్లెక్కి లింగం శిరస్సును దర్శించుకు వచ్చే ఓపిక డెబ్బై దాటినా ఆవిడకు ఉంది. అటువంటి మనిషి ఈమధ్య "ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటాలే" అని ఊరుకున్నారు. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. కాదట. "గుడి మెట్లు ఎక్కగలనమ్మా, రోడ్డే దాటలేను" అన్నారు.

మరుసటి సోమవారం నేనూ తోడు వెళ్ళాను. వెళ్ళేటప్పుడు గడియారం చూస్తూ దాటించాను. నాకు ఆరు సెకన్లు పట్టే రోడ్డు ఆవిడకు పది సెకన్లు పట్టింది. నాలుగు సెకన్ల తేడాయే కదా అంటారా? కాస్త లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే, ఆవిడ రోడ్డు మీద అడుగు పెట్టేసరికి 140 మీటర్ల అవతల ఉన్న బస్సు, ఆవిడ అటు అంచు చేరేసరికి అక్కడికి వచ్చేస్తుంది. అంత దూరాన ఉన్న బండిని చూసి మనం "ఇంకా ఎక్కడో ఉందిలే" అనుకుంటాం! ముసలివాళ్ళూ పిల్లలూ వెంట ఉన్నప్పుడు మన నడకతో కాదు, వాళ్ళ నడకతో లెక్క కట్టుకోవాలి. సగం దాటాక చెయ్యి పట్టి లాగడం మాత్రం వద్దండీ. తిరిగి వచ్చేటప్పుడు నేను ఆ పనే చేశాను. ఆవిడ చెప్పు జారింది, రోడ్డు మధ్య ఆగిపోయాం. ఆ లారీ డ్రైవరెవరో బ్రేకు వేశాడు కనుక ఈవేళ మీతో మాట్లాడుతున్నాను.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వారిలో 32,825 మంది కాలినడకన వెళుతున్నవాళ్ళే. బస్సు దిగి, దాని ముందు నుంచే అవతలికి పరుగెత్తే అలవాటు మనలో చాలామందికి ఉంది. బస్సు కదిలి వెళ్ళేదాకా ఆగితే రెండు వైపులా కనబడుతుంది. ఫుట్‌పాత్ లేనిచోట రోడ్డుకు కుడి పక్కన నడిస్తే ఎదురొచ్చే బండి మన కంట పడుతుంది.

ఇక ఆ ఫుట్‌పాత్ మాట. నడవడానికి 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు, ఏ అడ్డూ లేకుండా ఉండాలనీ, ఎత్తు ఆరంగుళాలు మించకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి నియమం. ఆ ఎత్తు సంగతి రాసినవారికి మోకాళ్ళ నొప్పులు తెలుసునేమో! 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కనుక మునిసిపాలిటీవారికి అర్జీ పెట్టుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.

అర్జీ రాద్దామని మా వీధిలో ఆ ఆరడుగులూ ఏమయ్యాయో చూడబోతే నాకే సిగ్గేసింది. ఒకరి స్కూటరు ఎక్కించుకునే ర్యాంపు, ఒకరి పూలకుండీలు, ఇంకొకరి ఇసుక గుట్ట. మురుగు కాలవ దాటి ముందుకొచ్చిన రెండు మెట్లు మావే! "అందరూ తీస్తే మనమూ తీద్దాం" అన్నారు మావారు. అడిగితే ప్రతి ఇంట్లోనూ అదే మాట. చివరికి పక్కింటి పిన్నిగారు కుండీలు మేడ మీదికి చేర్పించారు. మా మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి, మేస్త్రీని రమ్మన్నాం. ఈలోగా అత్తగారూ నేనూ సోమవారాలు తెల్లవారుతూనే, లారీల రద్దీ మొదలు కాకముందే గుడికి బయల్దేరుతున్నాం.